సంఘసేవ – మన పిల్లల జీవనోపాధి

మన ఆనేకల్ నేత కుటుంబములలో నేడు ఇంటింట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: “పిల్లవాని చదువు అయినది, పని ఎక్కడ?” అత్తిబెలె, జిగని, బొమ్మసంద్ర పారిశ్రామిక వాడలు మన తాలూకాలోనే కలవు. అక్కడికి పోయిన పిల్లలను మొదట అడుగునది, “ఇదివరకు ఏమి పని చేసినారు?” అని. పని చేయనిదే అనుభవము రాదు. అనుభవము లేనిదే పని దొరకదు. ఈ చిక్కుముడి విప్పు మార్గమొకటి మన సంఘము గుమ్మములోనే యున్నదని మనవి చేయుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అదియే స్వచ్ఛంద సేవ.

సేవ అనగానే చౌడేశ్వరి ఉత్సవములలో మంచినీరు పోయుట, మార్కండేయ జయంతినాడు పందిరి వేయుట గుర్తుకు వచ్చును. అవియు మంచివే. కాని మేము చెప్పునది చేతికి విద్య నేర్పు సేవ.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనము ద్వారము వద్ద దుర్గాబాయి గారు వాలంటీరుగా నిలిచిరి. అప్పటికి వారి వయస్సు 14 ఏండ్లు. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని వారికి చెప్పియుండిరి. జవహర్‌లాల్ నెహ్రూ గారు టిక్కెట్టు లేక రాగా వారిని కూడ నిలిపివేసిరి. నిర్వాహకులు కోపపడినను జంకక, టిక్కెట్టు తెచ్చి ఇచ్చిన పిమ్మటనే లోనికి పోనిచ్చిరి. ఆ ఒక్క దినముతో వారు గొప్పవారు కాలేదు. బాలికలకు హిందీ నేర్పిరి. మద్రాసులో తెలుగు బాలికలను మెట్రిక్ పరీక్షకు తయారు చేసిరి. 1937లో ఆంధ్ర మహిళా సభ ఏర్పడెను. 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందిరి. తరువాత రాజ్యాంగ సభలో సభ్యులైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలైరి.

మన రాష్ట్రపు మంగళూరులో పుట్టిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారును సేవాదళములో పనిచేసినవారే. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్‌ను స్థాపించి, దేశ విభజనలో ఇండ్లు పోయినవారు ఫరీదాబాదులో స్థిరపడుటకు తోడ్పడిరి. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు అధ్యక్షత వారిని వరించెను. పదిమందిని కూర్చుట, అప్పగించిన పని తప్పక చేయుట వీరిరువురును జీతము లేని కాలముననే అలవరచుకొనిరి.

అంత పెద్ద పదవులు అందరికి రావు. మన పిల్లలకు కావలసినది నెల జీతము. సంఘములో దానికి ఉపకరించు పనులేవి? పట్టు నూలు తూచి ఇచ్చుట, చీర వచ్చినప్పుడు మరల తూచి తరుగు కట్టుట, జరీ లెక్క వేరుగా వ్రాయుట నేర్చినవాడు ఏ ఫ్యాక్టరీ స్టోరులోనైనను పనికి వచ్చును. నేతగాండ్ర గుర్తింపు కార్డులకు, ముద్రా ఋణములకు దరఖాస్తులు నింపిన అమ్మాయికి బ్యాంకు కాగితములు కొత్త కావు. 1905 నాటి స్వదేశీ ఉద్యమమునకు గుర్తుగా 2015 నుండి ఆగస్టు 7న జాతీయ చేనేత దినము జరుపుచున్నారు. ఆనాడు అంగడిలో నిలిచి బిల్లు వ్రాసి, అసలు పట్టుకు సిల్కు మార్కు ఎందుకో కొనువారికి వివరించినవారు అమ్మకము నేర్చినట్లే. చీరకు ఫోటో తీసి, వెల, కొలత వ్రాసి ఫోనులో పెట్టుటయు నేడు ఒక వృత్తియే. ఇంట తెలుగు, బడిలో కన్నడము, హోసూరు బేరములో తమిళము మాటలాడు మన పిల్లలకు ఈ పనులు సులువుగా పట్టుబడును.

అయితే ఒక హెచ్చరిక. మగ్గము దిగిన ప్రతి గంటకును కూలి పోవును. కండెలు చుట్టు పిల్ల చేతి కూలితో పొయ్యి వెలుగు ఇల్లును కలదు. అట్టివారిని ఉచితముగా రమ్మనరాదు. వారమునకు రెండు గంటలు, సెలవు దినమున, చాలును. నిత్యము జరుగు పనికి కూలి ఇచ్చి తీరవలెను. కూలి ఎగవేయుటకు దానికి సేవ యని పేరు పెట్టుట దోపిడి యగును. సంఘములే ఈ నియమము తప్పినచో పిల్లలు మరల గడప త్రొక్కరు.

సేవకు వచ్చు పిల్లలకు మా సలహాలు: ఏదో ఒక పని, దానికి గడువు మొదటనే అడిగి తెలిసికొనుడు. ఏ దినము ఏమి చేసినది నోటు పుస్తకములో వ్రాయుడు. “బాగుగా పనిచేసెను” అను ఉత్తరము చాలదు. ఎన్ని నెలలు, ఏ పుస్తకము వ్రాసినది, ఎన్ని దరఖాస్తులు నింపినది వివరించు పత్రము కోరుడు. కాలేజీ పిల్లలకు 1969లో మొదలైన జాతీయ సేవా పథకము కలదు. రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరము పూర్తి చేసినవారికి ధ్రువపత్రమిత్తురు. నేతపై మనసున్నవారు పదవ తరగతి తరువాత సేలం, వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలలో మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. సంఘములో లెక్క, తూకము ఎరిగి పోయినవారికి ఆ చదువు బరువనిపించదు.

తల్లిదండ్రులకు మా మనవి. “జీతము లేని పనికి ఎందుకు?” అని పిల్లలను వారింపకుడు. ఆరు మాసములు చూడుడు. రాబోవు ఆగస్టు 7 పనులకు ఇప్పటినుండియే పేర్లు వ్రాయించుడు. మగపిల్లలతోపాటు ఆడపిల్లల పేర్లును వ్రాయించుడు. నేర్పుటకు సంఘములో పెద్దలు సిద్ధముగా నున్నారు.