మందగించిన డిస్కు: నాడి చూచు విధము



జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు బోయిన బిడ్డలు పంపిన ఛాయాచిత్రములును, సిరిసిల్ల మరమగ్గముల లెక్కలును, మన యిండ్ల పెండ్లి చిత్రములును నేడు కంప్యూటరులోని హార్డుడిస్కునందు నిలువయుండుచున్నవి. వేరొక ప్రతి లేనిచో ఆ డిస్కుతోడనే అవియు నశించును. కావున డిస్కు చెడుటకు ముందు గానవచ్చు లక్షణమును మన మెఱుగవలెను.

1956వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థవారు వెలువరించిన మొదటి డిస్కుయంత్రమున 24 అంగుళముల పళ్లెరములు 50 ఉండెను. వాని యన్నింటియందును 50 లక్షల యక్షరములు మాత్రమే పట్టెడివి. ఒక టెరాబైటు డిస్కు నేడు అరచేత నిమిడి, సుమారు రెండు లక్షల రెట్లు అధికముగ దాచుచున్నది. దాని పళ్లెరములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగును. చదివెడు భాగమగు హెడ్డు పళ్లెరమును తాకక, వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ యెత్తున తేలుచుండును. వ్రాతయంతయు సెక్టారులను చిన్న గదులలో నుండును.

పాత తాటాకు ప్రతిని చదువు పురాణికుడు చెరిగిన పంక్తి వచ్చినపుడు ఆగి, మరల మరల చూచి చదువును గదా! డిస్కును అట్లే చేయును. ఆరోగ్యముగల గదిని వెదకి చదువుటకు సెకనులో ఏబదవ వంతు చాలును. చెడుచున్న గదికడ సెకనులు గడచును. ఈ జాగే రోగము యొక్క తొలి గుర్తు.

మొదటి గదినుండి కడపటి గదివఱకు చదివించి, ఎచ్చట నెంత కాలము పట్టెనో కొలుచుటయే స్కాను. టెరాబైటు డిస్కునకు మంచి స్థితిలో రెండు మూడు గంటలు పట్టును. పళ్లెరపు అంచునుండి లోపలికి బోవుకొలది వేగము క్రమముగా తగ్గుట సహజము. అది రోగము గాదు. అంతటను సమముగా మందగించినచో తీగయో, వెనుక నడచుచున్న వేరొక పనియో కారణము కావచ్చును. తీగ మార్చి చూడవలెను. ప్రతిసారియు అవే తావులయందు ఆగుచున్నచో పళ్లెరమే చెడుచున్నదని యెఱుగునది. డిస్కు తనయందే వ్రాసికొను ‘స్మార్ట్’ లెక్కలో, మార్చబడిన సెక్టారుల సంఖ్య నానాటికి పెరుగుచున్నచో సందేహమే లేదు.

అయితే ముఖ్యమైన మాట యొకటి కలదు. అనుమానము కలిగిన వెంటనే మొదట నకలు తీయవలెను; స్కాను తరువాత. గుండెజబ్బు కలవానిని పరీక్షకొఱకు కొండగట్టు ఎక్కింతుమా? గంటలకొలది చదివించుట రోగిష్ఠి డిస్కునకు అట్టి శ్రమయే. డీడీరెస్క్యూ అను సాధనము సులభముగా వచ్చు భాగములను ముందు గైకొని, కష్టమైనవానిని కడపటికి విడుచును. నకలు ముగియకమున్ను మరమ్మతు సాధనములను నడుపరాదు, ఫార్మాటు చేయరాదు. టకటకమను చప్పుడు వినవచ్చినచో వెంటనే విద్యుత్తు ఆపి, నిపుణునకు చూపవలెను. ఇంట మూత విప్పరాదు. ధూళికణము చాలును, పళ్లెరమును గీయుటకు.

డిస్కు లన్నియు ఏనాటికైనను చెడునవియే. ఒక ప్రతి కోరుట్లలోని యింట నున్నచో, వేరొకటి సిరిసిల్లలోని బంధువుల యింట నుంచుడు. విత్తనపు గింజల నంతయు ఒకే గాదెలో పోయని పెద్దలకు ఈ నీతి క్రొత్త గాదు.