చేప పేరు తెలిస్తేనే వడ్డన

తైవాన్‌కు ఆగ్నేయంగా లాన్యు అని చిన్న దీవి. అక్కడి తావో జాలర్లు ఎగిరే చేపలన్నిటికీ పెద్దదిక్కుగా కొలిచే చేప పేరు మవహెంగ్ సొ పనిద్, అంటే నల్లరెక్కలది. పూర్వం వాళ్ళ తాతలు ఎగిరే చేపల్ని నత్తలతో, పీతలతో కలిపి వండుకు తింటే ఒళ్ళంతా పుళ్ళు లేచాయట. అప్పుడీ నల్లరెక్కల చేప ఒక పెద్దాయన కలలోకి వచ్చి, తమలో ఏ రకాన్ని ఏమని పిలవాలో, ఎప్పుడు పట్టాలో, ఎలా వండాలో చెప్పిందట. ఇప్పటికీ ఆచారం పాటించే ఇళ్ళలో ఎగిరే చేపలకు కుండా పళ్ళెమూ వేరే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కురోషియో ప్రవాహం వెంట ఈ చేపలు గుంపులుగా వస్తాయి. చేపలొచ్చిన తొలిరోజుల్లో రాత్రిపూట పెద్ద పడవల్లో కాగడాలు వెలిగించి పట్టేవారు. తర్వాత వచ్చే నెల పేరు పపతావ్. అప్పుడు చిన్న పడవలో, పట్టపగటి ఎండలో జాలరి ఒక్కడే తెడ్డేసుకుంటూ పోతాడు. పపతావెన్ అనే ఎగిరే చేపను గాలానికి గుచ్చి, దాన్ని తరుముకొచ్చే అరాయోను పడతాడు. నీలం, బంగారు రంగుల్లో మెరిసే భారీ చేప అది. ఒడ్డుకు చేర్చాక కోసి, ఉప్పు పట్టించి, ఇంటిముందు దండేనికి ఆరగడతారు. ఎగిరే చేపల కాలమంతా పగడపు దిబ్బల చేపల జోలికి పోరు. ఏటా కొన్ని నెలలు దిబ్బలకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంత మేలైన కట్టుబాటు ఏ మత్స్యశాఖ ఉత్తర్వులోనైనా ఉందా?

దిబ్బచేపల లెక్క వేరు. ఆడవాళ్ళతో సహా అందరూ తినదగినవి ఒయోద్, మగవాళ్ళు మాత్రమే తినేవి రహెత్, ముసలివాళ్ళకు విడిచిపెట్టేవి కకనన్ నో రరకెహ్. దొరికిన చేప పేరు తెలియకపోతే ఇంట్లో ఎవరికి వడ్డించాలో తెలియదు. అందరూ ఒకే రకం మీద పడకపోవడం ఇందులోని లాభం.

ఈ పేర్లు పడవలో నేర్చుకునేవి. బడిలో మాండరిన్ వచ్చి, కుర్రాళ్ళు పనులకు తైవాన్ వెళ్ళిపోయాక వినేవాళ్ళు తగ్గారు. 1957లో పుట్టిన రచయిత స్యామన్ రపొంగన్ కూడా అలా వెళ్ళినవాడే. ఆయన పేరుకు 'రపొంగన్ తండ్రి' అని అర్థం. బిడ్డ పుడితే అక్కడ తల్లిదండ్రుల పేర్లే మారతాయి. 1980ల చివర్లో దీవికి తిరిగొచ్చి, పడవ కట్టడం, నీళ్ళలో మునిగి చేపను పొడవడం పెద్దల దగ్గర నేర్చుకున్నాడు. ఆ సముద్రాన్ని చైనీసు పుస్తకాల్లోకి తెచ్చాడు.

దక్షిణాన బాషి జలసంధి దాటితే ఫిలిప్పీన్స్‌కు చెందిన బతానెస్ దీవులు. అక్కడి ఇవతాన్ భాష తావోల భాషకు దగ్గరి చుట్టం. అక్కడి జాలర్లూ ఎగిరే చేపనే ఎరగా వేస్తారు, గాలానికి పడ్డ ఆ పెద్ద చేపను దాదాపు అదే పేరుతో అరాయూ అని పిలుస్తారు.