ట్యూషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మిరప కోతలు మొదలయ్యాయంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బడి బెంచీలు పలచబడతాయి. పత్తి తీతలు ముగిసీ ముగియకముందే కోతలు వస్తాయి, వాటి వెంటే మార్చిలో పదో తరగతి పరీక్షలు. తల్లితోపాటు ఆడపిల్లా చేనుకు వెళుతుంది. ఫిబ్రవరి ఆఖరున తండ్రి వచ్చి, "మౌల్వీ సాబ్, లెక్కల్లో తప్పేలా ఉంది, ట్యూషన్ చెప్పేవాళ్లను చూడండి" అంటాడు.

కొన్నేళ్ల కిందట అలా వచ్చిన అమ్మాయిని మేమే కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగాము. ఆమె చిక్కు పదో తరగతి బీజగణితంలో లేదు, అయిదో తరగతి భిన్నాల్లో ఉంది. హారాలు వేరైతే కూడడం రాదు.

మద్రసాలో నేర్చిన వారసత్వ లెక్క చెప్పాము. ఒకాయన భార్యను, తల్లిని, ఒక్క కొడుకును వదిలి మరణించాడు. భార్యకు 1/8, తల్లికి 1/6. ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, తల్లికి 4, మిగిలిన 17 కొడుక్కి. "24 ఎందుకు, హజ్రత్?" అని అడిగింది. ట్యూషన్ అక్కడ మొదలైంది. హారం అన్నా, ఉర్దూలో నసబ్‌నుమా అన్నా ఒకటేనని అప్పుడు తెలిసింది ఆమెకు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలోనూ వారసత్వ లెక్కలది పెద్ద భాగమే. ఆల్జీబ్రా అనే పేరు ఆ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే వచ్చింది.

సైన్సులోనూ అంతే. ఓం నియమం కంఠతా వచ్చిన పిల్లవాడు 1.5 వోల్టులను 0.5 ఓంలతో భాగించలేకపోతే, లోపం సైన్సులో లేదు, దశాంశాల్లో ఉంది. అతనితో నియమాన్ని పదిసార్లు వల్లె వేయించే ట్యూషన్‌కు ఫీజు దండగ.

ఇది మా ఒక్కరి మాట కాదు. 2001-2003 మధ్య వడోదర, ముంబయిలలో ప్రథమ్ సంస్థ వెనుకబడిన ప్రాథమిక తరగతుల పిల్లలకు బస్తీ యువతుల చేత రోజూ రెండు గంటలు పునాది పాఠాలు చెప్పించింది. ఆ పిల్లల మార్కులు పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరుల పరిశీలనలో తేలింది. ఆ యువతులు పెద్ద డిగ్రీలవారు కాదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదు. అయితే ఎవరు చెప్పాలి? మన మొహల్లాలో ఇంటర్ చదివిన ఆడపిల్లలు లేరా? మగ్రిబ్ తరువాత ఒక ఇంటి వరండా, ఒక నల్లబల్ల చాలు. మొదటి వారం పాఠం వద్దు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో, ఎక్కాల్లోనా, భాగహారంలోనా, భిన్నాల్లోనా, అది కనిపెడితే చాలు.

ఆ అమ్మాయి మార్చిలో తప్పింది. మాకు దొరికింది మూడు వారాలే. సప్లిమెంటరీలో గట్టెక్కింది కానీ, అప్పటికే ఇంట్లో చదువు మాన్పించే మాట వచ్చింది. ఆమెను చదువులో నిలపడానికి ఆ తండ్రితో మేము రెండు సాయంత్రాలు వాదించవలసి వచ్చింది.

కోతలు ఏటా వస్తాయి. కూలి డబ్బు అవసరమని మాకూ తెలుసు. అందుకే చెబుతున్నాము, ట్యూషన్ ఫిబ్రవరిలో కాదు, బడి తెరిచిన జూన్‌లోనే మొదలుపెట్టండి.