ఘోషా గడప దాటిన న్యాయవాది: చారిత్రక అపరాధ పరిశోధక నవలలో స్త్రీ పాత్ర

వ్యాస సంగ్రహం:
చారిత్రక అపరాధ పరిశోధక నవలల్లో సంప్రదాయానికి భిన్నంగా నడిచే స్త్రీని ప్రధాన పాత్రగా నిలపడం నేడు సర్వసాధారణం. అటువంటి పాత్ర నిజంగా ఆ కాలానికి చెందినదేనా, లేక నేటి స్త్రీకి పాతకాలపు వేషం వేసినదా అన్న సందేహం మాత్రం తొలగలేదు. సుజాతా మాసీ ఆంగ్లంలో రాసిన ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018) నవలను, దానికి ప్రేరణగా నిలిచిన కార్నీలియా సొరాబ్జీ జీవితంతో పోల్చి ఈ వ్యాసం ఆ సందేహాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: చారిత్రక నవల, అపరాధ పరిశోధన, ఘోషా, స్త్రీ న్యాయవాది, కాలవ్యత్యయం.

1. ప్రవేశిక:
తెలుగు పాఠకులకు అపరాధ పరిశోధన అనగానే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ గుర్తుకు వస్తాడు. ఈ తరహా కథల్లో పరిశోధకునికి ఉండవలసిన మొదటి అర్హత తెలివితేటలు కాదు, ప్రవేశం. అతడు ఏ ఇంటికైనా వెళ్లగలగాలి, ఎవరినైనా ప్రశ్నించగలగాలి. గత శతాబ్దపు తొలి దశకాల్లో స్త్రీకి లేనిది సరిగ్గా ఈ ప్రవేశమే. కాబట్టి స్త్రీని పరిశోధకురాలిగా నిలిపే చారిత్రక నవలాకారులు ముందుగా ఆమెకు ఒక దారి వెతకవలసి వస్తుంది. ఎలిజబెత్ పీటర్స్ సృష్టించిన అమీలియా పీబడీకి తండ్రి ఇచ్చిన ఆస్తి ఆ దారి చూపింది. జాక్వెలీన్ విన్‌స్పియర్ పాత్ర మైసీ డాబ్స్‌కు మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సుగా గడించిన అనుభవం తోడైంది. మాసీ నాయిక పర్వీన్ మిస్త్రీకి దారి చూపింది న్యాయశాస్త్రం.

2. చారిత్రక నేపథ్యం:
కార్నీలియా సొరాబ్జీ 1866లో నాసిక్‌లో జన్మించారు. తండ్రి పార్శీ మతం నుంచి క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి 1892లో బి.సి.ఎల్. పరీక్ష రాశారు. అయితే ఆ విశ్వవిద్యాలయం 1920 వరకు స్త్రీలకు పట్టాలే ఇవ్వలేదు. స్వదేశానికి వచ్చిన తరువాత న్యాయస్థానం తలుపులు కూడా ఆమెకు తెరుచుకోలేదు. 1904లో బెంగాల్ ప్రభుత్వం ఆమెను కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో న్యాయ సలహాదారుగా నియమించింది. సంస్థానాల్లో, జమీందారీ కుటుంబాల్లో ఘోషాలో ఉండే వితంతువులకు, మైనర్లకు సలహా చెప్పడం ఆ ఉద్యోగం.

స్త్రీలు న్యాయవాదులుగా నమోదు కావచ్చునా అన్న ప్రశ్న అప్పటికి తేలలేదు. 1916లో రెజీనా గుహా దరఖాస్తును కలకత్తా హైకోర్టు తిరస్కరించింది. ఆ తరువాత సుధాంశుబాలా హాజరా విషయంలో పట్నా హైకోర్టూ అదే బాట పట్టింది. 1921లో అలహాబాద్ హైకోర్టు మాత్రం సొరాబ్జీని వకీలుగా చేర్చుకుంది. చివరకు 1923 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ (విమెన్) చట్టం ఈ అడ్డంకిని దేశమంతటా తొలగించింది. బొంబాయి హైకోర్టులో వృత్తి చేపట్టిన తొలి మహిళా బారిస్టరుగా మిథన్ టాటా (లామ్) ఆ తరువాతే నిలిచారు.

3. నవలలో నేరం, న్యాయం:
నవలలో ప్రధాన కథ 1921లో బొంబాయిలో జరుగుతుంది. పర్వీన్ తన తండ్రి జంషెడ్జీ నడిపే న్యాయ కార్యాలయంలో సొలిసిటరు. మిల్లు యజమాని ఉమర్ ఫరీద్ మరణించగా, అతని ముగ్గురు భార్యలు రజియా, సకీనా, ముంతాజ్ తమ మెహర్ ఆస్తిని కుటుంబ వక్ఫుకు వదులుకుంటున్నట్లు ఒక లేఖ వస్తుంది. అందులోని సంతకాలు పర్వీన్‌కు అనుమానం కలిగిస్తాయి. ముగ్గురూ జనానాలో ఉండే స్త్రీలు. పురుష న్యాయవాది వారితో తెర చాటు నుంచి మాత్రమే మాట్లాడగలడు. పర్వీన్ మాత్రం తెర దాటి వెళ్లగలదు.

ఈ అనుమానం కథ కోసం కల్పించిన మలుపు మాత్రమే కాదు. ఘోషా స్త్రీ రాసిచ్చిన పత్రం విషయంలో ఆనాటి న్యాయస్థానాలు ప్రత్యేక నియమాన్ని పాటించేవి. ఆమె సంతకం ఉన్నంత మాత్రాన పత్రం చెల్లదు. అందులోని విషయం ఆమెకు అర్థమైందనీ, ఇష్టపూర్వకంగానే అంగీకరించిందనీ నిరూపించే భారం ఆ పత్రం వల్ల లాభపడే వ్యక్తిదే. ఆచారరీత్యా బహిరంగంగా కనిపించని స్త్రీలకు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షను కోర్టు హాజరు నుంచి మినహాయింపునిచ్చింది. అంటే ఆమె కోర్టుకు రానక్కరలేదు. అయితే ఆమె మాటను కోర్టు దాకా ఎవరో ఒకరు మోయాలి. ఆ మోసేవాడు మోసగాడైతే ఏమవుతుందన్నదే నవలకు ఇరుసు.

మద్రాసులో 1885లో డాక్టర్ మేరీ షార్లీబ్ చొరవతో వెలసిన ఘోషా ఆసుపత్రి వెనుక కూడా ఇదే తర్కం ఉంది. పురుషుడు ప్రవేశించలేని చోట స్త్రీ వృత్తినిపుణురాలి అవసరం ఏర్పడింది. ఘోషా ఒకరిని గదిలో బంధించగా, మరొకరికి వృత్తిని కల్పించింది.

4. కాలవ్యత్యయ ప్రశ్న:
పర్వీన్ పాత్రలో కాలవ్యత్యయం ఉందా అంటే, కొంత ఉంది. మిథన్ టాటా కంటే ముందే బొంబాయిలో ఒక స్త్రీ సొలిసిటరుగా పనిచేయడం రచయిత్రి తీసుకున్న స్వేచ్ఛ. అయినా తేదీల్లో జరిగిన ఈ సర్దుబాటు కంటే పాత్ర చెల్లించిన మూల్యాన్ని చూడడం ముఖ్యం.

నవలలో 1916-17 నాటి సమాంతర కథ ఒకటి నడుస్తుంది. ప్రేమించి సైరస్ సోడావాలాను పెళ్లాడి కలకత్తా వెళ్లిన పర్వీన్, బహిష్టు రోజుల్లో అత్తవారింట ఒంటరి గదిలో గడపవలసి వస్తుంది. భర్త హింసను భరించవలసి వస్తుంది. 1865 నాటి పార్శీ వివాహ చట్టం ప్రకారం క్రూరత్వం ఒక్కటే విడాకులకు చాలదు. దానివల్ల లభించేది న్యాయిక వేర్పాటు మాత్రమే. భర్త వేశ్యాగమనాన్ని ఆ చట్టం విడాకులకు కారణంగా లెక్కించలేదు. ఆ విధంగా పర్వీన్ భర్త నుంచి విడిపోయింది గాని వివాహం నుంచి బయటపడలేదు, మరో పెళ్లికి అర్హురాలు కాలేదు. వితంతువుల గదిలోకి అడుగుపెట్టిన న్యాయవాది తానూ ఒకప్పుడు గదిలో మూయబడిన స్త్రీయే. ఆమె భిన్నత్వం స్వభావం నుంచి మాత్రమే రాలేదు. చట్టం మూసిన దారుల నుంచి వచ్చింది. నేటి స్త్రీకి పాత వేషం వేశారన్న ఆక్షేపణ ఇక్కడ నిలవదు.

5. నవల విడిచిన పార్శ్వం:
ఆక్షేపించదగినది మరొకటి ఉంది. సొరాబ్జీ వృత్తిలో తిరుగుబాటుదారు, రాజకీయాల్లో సంప్రదాయవాది. బ్రిటిష్ పాలనను సమర్థించారు, గాంధీ ఉద్యమాన్ని వ్యతిరేకించారు. కాథరిన్ మేయో 1927లో రాసిన ‘మదర్ ఇండియా’ను సమర్థించి జాతీయవాదుల ఆగ్రహానికి గురయ్యారు. పర్వీన్ పాత్రలో ఈ పార్శ్వం లేదు. నేటి పాఠకులు ఇష్టపడే భావాలే ఆమెకున్నాయి. పాఠకుని సానుభూతి కోసం నవల ఈ వైరుధ్యాన్ని విడిచిపెట్టింది. సంప్రదాయాన్ని ఒక చోట ధిక్కరించిన స్త్రీ అన్ని చోట్లా ధిక్కరించి ఉంటుందన్న ఊహ చరిత్రకు సరిపడదు. కాలవ్యత్యయం వేషభాషల్లో కంటే ఇక్కడే సూక్ష్మంగా దాగి ఉంటుంది.

6. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ తరహా నవలల అధ్యయనానికి మూడు ప్రశ్నలు లభిస్తాయి. నాయికకు ప్రవేశం కల్పించిన చారిత్రక కారణం ఏది? ఆ ప్రవేశానికి ఆమె చెల్లించిన మూల్యం ఏమిటి? ఆమెకు మూలమైన నిజ వ్యక్తుల్లో రచయిత దేనిని తీసుకుని దేనిని వదిలారు? మొదటి రెండు ప్రశ్నలకు మాసీ నవల గట్టి సమాధానం ఇస్తుంది. మూడవ దానికి పాఠకుడు చరిత్ర గ్రంథాలను ఆశ్రయించవలసిందే. పర్వీన్ ప్రత్యేకతకు ఆధారం తెర వెనుక ఉన్న ముగ్గురు స్త్రీల నిస్సహాయత. ఘోషా లేకపోతే ఆమె వెళ్లగలిగిన ప్రతి చోటికీ ఆమె తండ్రి కూడా వెళ్లగలిగేవాడు. ఒక స్త్రీ స్వేచ్ఛ ఇతర స్త్రీల నిర్బంధంపై ఆధారపడిన ఈ స్థితిని దాచకుండా చూపడం నవల సాధించిన విలువ. హంతకుడెవరో తెలిసిపోయిన తరువాత కూడా ఈ నవలకు పునఃపఠనయోగ్యత మిగలడానికి కారణం అదే.