వాటర్ బార్

మట్టి రోడ్డుకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా వేసే చిన్న గట్టు, దాని ఎగువన లోతు తక్కువ కాలువ: ఇదే వాటర్ బార్. జాతీయ అడవుల్లో కొత్త రోడ్లను కట్టడి చేసిన 2001 నాటి ‘రోడ్‌లెస్ రూల్’ను రద్దు చేస్తామని 2025 జూన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించడంతో అటవీ రోడ్లు మళ్లీ చర్చకొచ్చాయి.

బండ్లు తిరిగి గట్టిపడ్డ నేల వాననీటిని పీల్చుకోదు. నీరు చక్రాల జాడల్లో చేరి, పల్లానికి పోయేకొద్దీ వేగం పుంజుకుని రోడ్డునే కోసేస్తుంది. ఆ మట్టి వాగుల్లో చేరితే చేపల గుడ్లు పూడిపోతాయి. వాటర్ బార్ ఆ ప్రవాహాన్ని మధ్యలోనే పక్కకు మళ్లిస్తుంది. వాలు ఎంత ఎక్కువైతే బార్లు అంత దగ్గరగా ఉండాలి. అసలు కిటుకు నీటిని వదిలే చోటులో ఉంది. గడ్డి, ఆకుచెత్త ఉన్న అడవి నేల మీదకు వదిలితే అక్కడే ఇంకుతుంది. నేరుగా వాగులోకి వదిలితే పని చెడినట్టే.

వాహనాలు తరచూ తిరిగే రోడ్లపై గట్టుకు బదులు ‘రోలింగ్ డిప్’ అనే వెడల్పాటి పల్లం తీస్తారు. మన మన్యం మట్టిబాటలకూ వానాకాలపు కోత తప్పదు కాబట్టి వాటర్ బార్ ఇక్కడా పనికొచ్చేదే. ఖర్చు స్వల్పం. కాలువలో పూడిక తీయకపోతే మాత్రం మొదటి పెద్దవానకే నీరు గట్టు దాటిపోతుంది.