తుపాకి మోగకముందే తలుపు తట్టాలి

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున హాఫ్ మూన్ బే అనే చిన్న ఊరుంది. అక్టోబరులో గుమ్మడికాయల పండగకి బే ఏరియా తెలుగువాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే ఊరే. 2023 జనవరి 23, సోమవారం మధ్యాహ్నం అక్కడి రెండు పుట్టగొడుగుల ఫారాల్లో ఏడుగురు పనివాళ్లు తూటాలకు బలయ్యారు. ఒక ఫారంలో నలుగురు, కొద్ది దూరంలోని మరో ఫారంలో ముగ్గురు. చైనా నుంచి, మెక్సికో నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. డెబ్బై ఏళ్లు దాటినా పని మానలేకపోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కాల్చింది మొదటి ఫారంలో పనిచేస్తూ, అక్కడే బతుకుతున్న 66 ఏళ్ల కార్మికుడు. రెండో ఫారంలోనూ అంతకుముందు పనిచేశాడు.

వాహనం మరమ్మతు కోసం 100 డాలర్లు కట్టమని సూపర్‌వైజర్ అడగడంతో అతను రగిలిపోయాడని తర్వాత బయటికొచ్చింది. తుపాకి మాత్రం చట్టప్రకారం కొన్నదే. ఎంత కష్టమైనా, ఎంత అవమానమైనా తోటివాళ్ల ప్రాణాలు తీయడానికి సాకు కాదు. చనిపోయినవాళ్లు కూడా అతనిలాగే అదే మట్టిలో, అదే తేమలో చాకిరీ చేసినవాళ్లు.

కానీ ఆ రోజు దాకా ఎవరూ తొంగిచూడని గదులు ఆ తర్వాతే లోకానికి కనిపించాయి. కొందరు సరుకుల కంటైనర్లలో కాపురముంటున్నారని, గంటకు 9 డాలర్లే అందుతున్నాయని కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ చెప్పారు. అప్పటికి ఆ రాష్ట్రంలో కనీస వేతనం 15.50 డాలర్లు. వేతనం మాట నిజం కాదని యాజమాన్యం అన్నా, ఆ తర్వాత భద్రతా నిబంధనల ఉల్లంఘనలకు రెండు ఫారాలకూ జరిమానాలు పడ్డాయి. 2024లో అమెరికా కేంద్ర కార్మిక శాఖ జోక్యంతో పనివాళ్లకు రావలసిన సొమ్ము నాలుగు లక్షల డాలర్లకు పైగా తేలింది. చట్టాలు ముందునుంచీ ఉన్నాయి. వాటిని పట్టుకుని ఆ తలుపు తట్టినవాళ్లే లేరు.

మేడ్చల్, శామీర్‌పేటల నుంచి వచ్చిన మనం ఈ కథ ఎందుకు వినాలి? ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ నేల మనది. ఇప్పుడు కోళ్ల ఫారాలు, నర్సరీలు, గోదాములు, ఫాంహౌసులు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక భూమి ధర పెరిగింది, ఆ భూమిలో పనిచేసే మనిషి మారాడు. బిహార్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఫారం పక్కనే రేకుల గదిలో ఆలుబిడ్డలతో ఉంటున్నారు. మన దగ్గర లైసెన్సు లేకుండా తుపాకి పట్టడం నేరం కాబట్టి హాఫ్ మూన్ బే లాంటి కాల్పులు అరుదు. ఆ గదుల్లోని బతుకు మాత్రం అరుదు కాదు.

దాని ఫలితమూ చూశాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాం అంటుకుంది. పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు బయటపడలేక చనిపోయారు. పనిచోటే పడకచోటు అయితే జరిగేది అదే. అంతకు రెండేళ్ల ముందు, 2020 లాక్‌డౌన్‌లో, మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై వేలమంది మూటలతో ఉత్తరానికి నడిచారు. ఇన్నాళ్లూ మన చుట్టూ ఇంతమంది ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, వసతి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలని చెప్పింది. అది అయిదుగురు, ఆపైన ఉన్నచోట వర్తించేది. 2020 నాటి కొత్త కార్మిక కోడ్ ఆ హద్దును పదికి పెంచింది. నలుగురైదుగురితో నడిచే చిన్న తోటలు, ఫారాలు దాని పరిధిలోకి రావు. అక్కడ చట్టం చేయని పని యజమానే చేయాలి.

మనలో ఎందరికో శామీర్‌పేట, మూడుచింతలపల్లి వైపు ఎకరమో అరెకరమో ఉంది. అమెరికా నుంచి ఫోన్లో మేస్త్రీతో మాట్లాడి, డబ్బు పంపి, అంతటితో అయిపోయిందనుకుంటాం. ఆ డబ్బులో కూలీ చేతికి అందేదెంత? ఇచ్చిన అడ్వాన్సుకు రాతపూర్వక లెక్క ఉందా? పగిలిన పైపుకో, చచ్చిన కోళ్లకో జీతంలో కోత పెడుతున్నారా? ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది? గదికి రెండో దారి, మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉన్నాయా? జీతం నేరుగా కూలీ బ్యాంకు ఖాతాలో వేయడం, మేస్త్రీని దాటి మనతో మాట్లాడేందుకు మన నంబరు వాళ్లకివ్వడం కష్టమైన పనులు కావు.

ఈసారి బతుకమ్మకో సంక్రాంతికో ఊరికి వెళ్లినప్పుడు తోటతోపాటు ఆ గదినీ చూసి రండి. ఇక్కడ మనకు సరైన జీతం, భద్రత, గౌరవం కావాలని అడుగుతున్నాం. మన భూమిలో చెమటోడ్చేవాళ్లకూ అవి ఇవ్వాల్సింది మనమే.