మీకు తెలుసా? డాక్టరమ్మకు సర్వే లింకు పంపితే!

భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకలో ఏఎన్ఎం ఫోనుకు సర్వే లింకు వస్తే మొదటి ప్రశ్న దగ్గరే తికమక: "మీది ఏ జిల్లా?" 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2014లో మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు! పాత జిల్లాల జాబితాతో ఫారం చేశారో, తెలంగాణ లెక్కలో ఆంధ్రా నర్సమ్మ చేరిపోతుంది. జిల్లాకు బదులు పీహెచ్‌సీ పేరు అడిగితే గొడవే లేదు.

సిగ్నల్ లేని గూడెంలో ఆన్‌లైన్ సర్వే కుదురుతుందా? భేషుగ్గా కుదురుతుంది! 2008లో మొదలైన ఓడీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్, నింపిన ఫారాన్ని ఫోనులోనే దాచుకుని, చర్ల రోడ్డెక్కి టవర్ అందాక పంపేస్తుంది.

మైదానంలో 5 వేల మందికి ఒక సబ్‌సెంటర్, గిరిజన ప్రాంతంలో 3 వేల మందికే ఒకటి! జనం తక్కువే, నడక మాత్రం ఎక్కువ. వాగులు దాటి ఇల్లు చేరిన మనిషికి 60 ప్రశ్నల లింకు పంపేవారికి ఓ దండం.

"చెర్రీస్" తినే పండు మాత్రమే కాదండోయ్! ఆన్‌లైన్ సర్వే ఫలితాలు రాసేవారు ఏమేం చెప్పాలో గుర్తుచేసే జాబితాకు 2004లో పెట్టిన పేరది. లింకును ఎంతమంది చూశారు, ఎంతమంది నింపారు అన్నవి అందులో ముఖ్యం. ఆశా వర్కర్ల వాట్సాప్ గ్రూపు నుంచి మరో గ్రూపుకు లింకు ఫార్వర్డ్ అయిందా, ఇక ఎంతమంది చూశారో బ్రహ్మకే తెలియాలి!

ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇండియాలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు, కానీ ఇక్కడి సుమారు 200 సైనిక స్థావరాలకు ప్రశ్నల ఫారాలు వెళ్లేలా చేసింది! తాగునీరు, బారకులు, జబ్బుల గురించి వచ్చిన జవాబులతో 1863 నాటి నివేదిక 2 వేల పేజీలు దాటింది. మెయిల్ లేదు, రిమైండర్ లేదు, అన్నీ ఓడల మీదే.

1951లో డాల్, హిల్ అనే ఇద్దరు బ్రిటన్‌లోని దాదాపు 60 వేల మంది డాక్టర్లకు సిగరెట్ అలవాటుపై ఉత్తరాలు రాస్తే, ఎంతమంది బదులిచ్చి ఉంటారు? 40 వేలకు పైగా! రహస్యం ఏమిటంటే ప్రశ్నలు కొన్నే, అవీ సూటిగా. ఆ డాక్టర్లనే 50 ఏళ్లు గమనిస్తే, జీవితమంతా పొగతాగినవారు సగటున 10 ఏళ్లు ముందే పోయారని తేలింది.

"తరచుగా", "అప్పుడప్పుడు" అని గళ్లిచ్చి టిక్కు పెట్టమంటే ఒకరి అప్పుడప్పుడు ఇంకొకరికి తరచుగా అవుతుంది! "మలేరియా కిట్లు గత నెలలో ఎన్ని రోజులు లేవు?" అని అంకె అడగండి, చాలు.

అన్నిటికన్నా నాకు నచ్చిన వింత ఇది. ఈమెయిల్ శీర్షికలో "సర్వే" అన్న మాట ఉంటే జవాబులు తగ్గుతాయని 2009లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఈమెయిల్ కింద మగవారి సంతకం ఉంటే ఇంకా తగ్గాయట! ఎందుకంటారు?